గొయ్యి నిండేదాకా పాట

చనిపోయిన మనిషికి తన మీద పడే మట్టి ఎవరి చేతిదో తెలుస్తుందా?

ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఇక దొరుకుతుందన్న ఆశా లేదు. టాంటీ సిల్వీకి మాత్రం ఇది ప్రశ్నే కాదు. "తెలుస్తుందో లేదో మనం పోయాక తేల్చుకుందాం. ముందు నువ్వు కోటు విప్పి పార పట్టుకో" అనేది.

అసలు పేరు సిల్వీనా క్వాషీ. పుట్టింది కరీబియన్ సముద్రంలోని కారియాకూ దీవిలో. ఒక చివర తుమ్మితే ఇంకో చివర నుంచి 'చిరంజీవ' వినిపించేంత చిన్న దీవి అది. అక్కడి వాళ్ళు అత్తనైనా పిన్నినైనా టాంటీ అనే పిలుస్తారు. ఎవరికి ఏమవుతుందో ఎవరూ ఆరా తీయకుండానే సిల్వీనా అందరికీ టాంటీ అయిపోయింది. భర్త హోస్టెన్ ముందుగా ఇంగ్లండ్ వచ్చి, యార్క్‌షైర్‌లో ఒక ఉన్ని మిల్లుల ఊళ్ళో ఇనుము పోత పనిలో కుదిరాడు. కొన్నాళ్ళకు ఆమె పల్చటి గౌనులో, చేతిలో రేకు పెట్టెతో నడి చలికాలంలో దిగింది. స్టేషన్‌లో తన నోట్లోంచి వస్తున్న ఆవిరి చూసి, "హోస్టెన్, నాకు లోపలేదో అంటుకుంది!" అని బెంబేలెత్తిందట. హోస్టెన్ తన చివరి రోజుల దాకా ఈ సంగతి చెప్పి నవ్వేవాడు. "అంటుకోబట్టే ఇన్నాళ్ళూ నీ కొంప వెచ్చగా ఉంది" అని ఆమె కసిరేది.

ఆ చలిని ఆమె మరిచిపోలేదు. తర్వాత దీవి నుంచి ఎవరు దిగినా స్టేషన్‌లో టాంటీ సిల్వీ ఒక కోటు చేతిమీద వేసుకుని నిలబడి ఉండేది. అది ఎవరికీ సరిపోయేది కాదు. "నీకు అది పట్టకపోతే, దానికి నువ్వు పట్టు" అని తొడిగేసి, బస్సెక్కించి, ఇంటికి తీసుకుపోయి కోకో టీ తాగించేది.

ఊళ్ళోని పెద్ద చర్చిలో మొదటి ఆదివారం ఆమె కూర్చున్న వరసలోకి ఇంకెవరూ రాలేదు. ఆమె వచ్చిన ఓడలోనే వచ్చిన కాన్యూట్ బెథెల్ వెనక నుంచి వంగి, "చూశావా సిల్వీ, మనం కూర్చుంటే ఎలా జరిగిపోతున్నారో" అని గొణిగాడు.

"జరగనీ. నా టోపీకి చోటు కావద్దూ?"

అలా కొన్ని ఆదివారాలు చోటు సరిపెట్టుకుంది. ఒకరోజు ఇంటికి వచ్చి, టోపీ తియ్యకుండానే ముందుగది తలుపు బార్లా తెరిచింది. దీవి ఆడవాళ్ళకు ముందుగది అంటే ప్రాణం. గాజు చేపలు, లేసు గుడ్డలు, ప్లాస్టిక్ కవరు విప్పని సోఫా, పిల్లలు అడుగు పెడితే వీపు విమానం మోత. అలాంటి గదిలో సోఫా గోడకు నెట్టి, పక్కింటి కుర్చీలు, ఎదురింటి బెంచీ తెప్పించింది. "ఇదంతా పెద్ద అతిథి కోసం దాచావనుకున్నానే" అన్నాడు హోస్టెన్. "ఆ అతిథే వచ్చాడు. కాళ్ళు తుడుచుకుని లోపలికి రా" అంది. ఆ గదిలో కిరోసిన్ పొయ్యి చుట్టూ మొదలైన ప్రార్థన కూటమే, తర్వాత మూతపడిన దారపుకండెల గోడౌన్ అద్దెకు తీసుకుని సంఘమైంది. దానికి లెండోర్ పాస్టరు వచ్చాడు. పాస్టరు సంఘాన్ని నడిపేవాడు. పాస్టరును టాంటీ సిల్వీ నడిపేది. ఆ సంగతి పాస్టరుకు కూడా తెలుసు.

పాట ఎత్తేది మాత్రం కాన్యూటే. అతను శ్రుతి పైకి ఎత్తుతాడని ఆమె గొడవ. "దేవుడు చెవిటివాడు కాదు కాన్యూట్." "ఆయన కాదులే, నీకే వినబడాలని." ఈ తగువుతోనే ఇద్దరికీ జుట్లు నెరిశాయి.

ఆమె కడగొట్టు కూతురు ఐయోనీ. ఊరి శ్మశానం ఆఫీసులో ఉద్యోగం. దీవి వాళ్ళలో ఆ ఆఫీసు మెట్లెక్కి, బల్ల వెనక కుర్చీలో కూర్చున్నది ఐయోనీ ఒక్కతే. చుట్టం చనిపోయినవాళ్ళు వణుకుతూ లోపలికి వచ్చి, బల్ల వెనక తమ ముఖం లాంటి ముఖం చూసి కూలబడి ఏడ్చేవాళ్ళు. తల్లి ఆ ఉద్యోగాన్ని పైకి పొగిడింది లేదు. "అక్కడ మనిషి ఉండాలి. ఉంది" అని ఊరుకునేది.

దీవి వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పెట్టెను గొయ్యిలోకి దించాక ఎవరూ కదలరు. మగవాళ్ళు కోట్లు విప్పి, పారలు చేతులు మార్చుకుంటూ గొయ్యి పూడుస్తారు. ఆడవాళ్ళు చుట్టూ నిలబడి పాడతారు. మట్టి దిబ్బ పైకి లేచి, పారల వీపులతో నున్నగా చరిచి, పూలు గుచ్చేదాకా పాట తెగకూడదు. అయితే పార మాత్రం ఎవరూ ఇంటి నుంచి తేరు. ఇంటి పార ఒకసారి శ్మశానం మట్టి తిన్నదంటే ఆ రుచి మరిగి, ఇంకొకరి కోసం అదే ఇంటికి వస్తుందని భయం. పారలు శ్మశానానివే కావాలి. ఇన్నేళ్ళూ పాత సూపరింటెండెంటు పనిముట్ల షెడ్డు తాళం తీసిపెట్టి, తన టీ తాను తాగుతూ కూర్చునేవాడు.

ఆయన రిటైరయ్యాడు. హోల్‌రాయిడ్ వచ్చాడు. చెడ్డవాడు కాదు, శుభ్రమైనవాడు. గడ్డి నలగకూడదు, ఒక అంత్యక్రియ ఇంకోదాని మీద పడకూడదు, ఎవరి కాలూ జారకూడదు. షెడ్డుకు తాళం పడింది. తలా పిడికెడు మట్టి వేసి వెళ్ళిపోవాలి, మిగతా పని యంత్రం చేస్తుంది. ఇది రూలు.

ఆ రూలు మొదట తగిలింది సంఘంలో చనిపోయిన సిస్టర్ ఈనాకు. ఆడవాళ్ళు ఇంకా మొదటి పాటలోనే ఉన్నారు. యంత్రం గుర్రుమంటూ వచ్చి, ఇనుప తొట్టి ఎత్తి, మట్టినంతా ఒక్కసారే కుమ్మరించింది. పెట్టె మీద ఆ దెబ్బ చప్పుడుకు ఈనా చెల్లెలు, తననే కొట్టినట్టు, చేతులు అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. పాట తెగింది. ఎవరి మొహం ఎవరూ చూసుకోకుండా కార్లెక్కారు. ఐయోనీ ఆఫీసు కిటికీలోంచి అంతా చూసింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక గోడౌన్ మెట్ల మీద కాన్యూట్ కూర్చుండిపోయాడు. అప్పటికే అతనికి ఊపిరి అందడం లేదు.

"సిల్వీ, నన్ను ఆ ఇనుప నోటికి ఇవ్వకు."

"నువ్వే ముందు పోతావని ఎవరు చెప్పారు?"

"నీకు పోవడానికి తీరికెక్కడిది? నేనే వెళ్ళాలి." కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "ఒడ్డున పడవ కదిలితే మనవాళ్ళు కనుచూపు దాటేదాకా నిలబడరూ? అలా నిలబడండి. అంతే."

"శ్రుతి కిందే ఎత్తుతాను మరి. నువ్వు లేచొచ్చి గొడవ పెట్టకూడదు" అంది టాంటీ సిల్వీ. అది మాట ఇవ్వడమే. అతనికి తెలుసు.

ఆకులు రాలే రోజుల్లో కాన్యూట్ పోయాడు.

మర్నాడు ఐయోనీ ఇంటికి వచ్చేసరికి తల్లి వంటింట్లో పచ్చి కందులు ఒలుస్తోంది. పక్కన కొబ్బరి తురుముతూ బ్రదర్ టైటస్ భార్య అడీనా. ఐయోనీ కోటు విప్పకుండానే చెప్పింది.

"అమ్మా, నేను మళ్ళీ అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. కాన్యూట్ బాబాయికైనా సరే, యంత్రమే."

"కూర్చో. ఇవి ఒలువు."

"విన్నావా?"

"విన్నా. చేతులు ఖాళీగా పెట్టుకుని చెప్పే మాట నాకు సరిగ్గా ఎక్కదు."

ఐయోనీ కూర్చుంది. నాలుగు కాయలు ఒలిచాక మెల్లగా అంది. "షెడ్డు తాళంచెవి నా బల్ల పక్కనే వేలాడుతుంది. అది తీస్తే నా ఉద్యోగం పోతుంది. నన్ను ఆ మాట అడగకు."

"నేను అడిగానా?"

"అడగలేదు. అందుకే భయం."

అడీనా కిసుక్కున నవ్వింది. టాంటీ సిల్వీ నవ్వలేదు. "నీ ఉద్యోగం నువ్వు చెయ్యి బిడ్డా. నా పని నేను చేసుకుంటా" అని, ఒలిచిన గింజల్లోంచి పుచ్చుది ఒకటి ఏరి పారేసింది.

మరుసటి రోజు ఆమె ఊదారంగు పట్టీ ఉన్న టోపీ పెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. కూతుర్ని పరాయి మనిషిని అడిగినట్టు అడిగింది. "హోల్‌రాయిడ్ గారు ఉన్నారా అమ్మాయ్?" హోల్‌రాయిడ్ లేచి కుర్చీ వేశాడు. రూలు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో మర్యాదగా, ఓపికగా చెప్పాడు. ఆమె కూడా అంతే ఓపికగా విన్నది.

"మీ అమ్మగారి మీద మట్టి ఎవరు వేశారు నాయనా?"

"మా అమ్మను దహనం చేశామండీ."

"అయ్యో. అయితే నీకు తెలిసే దారే లేదు."

హోల్‌రాయిడ్ చెవులు ఎర్రబడ్డాయి. "మిసెస్ క్వాషీ, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఒకరి కోసం రూలు సడలిస్తే..."

"ఒకరి కోసం వద్దు. అందరి కోసం సడలించు" అంది ఆమె లేస్తూ. "శుక్రవారం వస్తాం. చెప్పి పోదామని వచ్చా. చెప్పకుండా చేశామన్న మాట రాకూడదు కదా."

శుక్రవారం సన్నగా మంచుతో కలిసిన వాన. గోడౌన్‌లో ఆరాధన ఎప్పటిలాగే సాగింది. ముగ్గురు సాక్ష్యం చెప్పారు, నాలుగోవాడు 'ఒక్క మాటే' అని మొదలుపెట్టి పాస్టరు చెయ్యి పట్టుకునేదాకా ఆగలేదు. శ్మశానానికి చేరేసరికి యంత్రం నడిపే క్లిఫ్ తన క్యాబిన్‌లో కునుకు తీసి లేచి కూర్చుని ఉన్నాడు. ఐయోనీ ఆఫీసులోనే ఉంది. సెలవు పెట్టలేదు. వెళ్ళి నిలబడితే ఏం చేస్తుందో తనకే నమ్మకం లేదు. హోల్‌రాయిడ్ కిటికీ దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

పెట్టె దిగింది. తాళ్ళు పైకి వచ్చాయి. పాస్టరు 'ఆమెన్' అన్నాడు. అందరూ పిడికెడు మట్టి వేశారు. ఎవరూ కదలలేదు. క్లిఫ్ ఇంజన్ తిప్పాడు.

అప్పుడు టాంటీ సిల్వీ నడిచింది. గొయ్యి పక్కన తవ్వి పోసిన మట్టికుప్ప మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డిచాప కప్పి ఉంది. ఆ చాప ఒక కొస మడిచి, తెల్లగౌను సర్దుకుని, తడిమట్టి మీద కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది. బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. కూర్చుని, పాట ఎత్తింది. శ్రుతి కిందే. ఆడవాళ్ళు అందుకున్నారు.

క్లిఫ్ ఇంజన్ ఆపకుండానే తల బయటికి పెట్టాడు. "అమ్మా, లేవండి. బట్టలన్నీ బురద."

"బురదే కదా నాయనా. ఉతికితే పోతుంది."

"నా పని చేసుకోనివ్వండమ్మా."

"పాట అవ్వలేదు."

క్లిఫ్ ఆఫీసు వైపు చూశాడు. హోల్‌రాయిడ్ అప్పటికే గొడుగు తీసుకుని బయల్దేరాడు. ఐయోనీ కిటికీ తెరిచింది. వాన లోపలికి కొట్టింది, మాటలూ వినిపించాయి.

"మిసెస్ క్వాషీ, ఈ పాట ఎప్పుడు అయిపోతుంది?"

"గొయ్యి నిండినప్పుడు."

"మీరు లేస్తేనే కదా నిండేది!"

"నీ యంత్రం పోతేనే నేను లేచేది."

"నేను పోలీసుల్ని పిలవాల్సి వస్తుంది."

"పిలువు నాయనా. ఈ చలిలో వస్తారు పాపం, అన్నం ఉంది తిని పొమ్మను. ఆస్పత్రిలో పనిచేసిన రోజుల్లో వాళ్ళమ్మల్లో సగం మందికి పక్కలు మార్చింది నేనే."

ఆడవాళ్ళ వరసలో నవ్వు పాకింది. పాట మాత్రం తెగలేదు. ఒకటి అయిపోతుంటే అడీనా ఇంకోటి అందుకునేది. వాళ్ళకు పాటలకేం కరువు? పాడుకుంటూ పోతే ఈస్టర్ దాకా పాడగలరు. కానీ మగవాళ్ళు ఖాళీ చేతులతో నిలబడి ఉన్నారు. షెడ్డు తాళం వైపు చూస్తున్నారు. కాన్యూట్ అన్న కొడుకు, లండన్ నుంచి వచ్చినవాడు, "కారులో బొగ్గుల పార ఉంది, తెస్తాను" అన్నాడు. బ్రదర్ టైటస్ అతని చొక్కా పట్టుకుని ఆపాడు. "ఇంటి పార ఇక్కడ పెడతావా? నీ పెళ్ళాంబిడ్డలు నీకు బరువయ్యారా?" అతను నాలిక కరుచుకున్నాడు.

వాన జోరందుకుంది. టాంటీ సిల్వీ టోపీ అంచు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. గొంతు బొంగురుపోయింది. మోకాళ్ళ నొప్పులతో మూడు మెట్లెక్కలేని మనిషి. ఐయోనీకి తెలుసు, ఆమె ఇక లేవదు. గొయ్యిలో నీళ్ళు ఊరుతున్నా లేవదు. పోలీసులు వచ్చి ఎత్తుకుపోతే పోతుంది, తనంతట తను మాత్రం కాన్యూట్‌కిచ్చిన మాట తప్పదు. అప్పుడు యంత్రం ముందుకు వస్తుంది, తొట్టి లేస్తుంది, కాన్యూట్ మీద ఆ చప్పుడు పడుతుంది.

టైటస్ కోటు విప్పాడు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో మట్టి తోసి గొయ్యిలోకి నెట్టాడు. యార్క్‌షైర్ బంకమట్టి, తడిసి రాయిలా ఉంది. అతని గోళ్ళ సందుల్లోంచి నెత్తురు వచ్చిందో, ఎర్రమట్టే అలా కనిపించిందో. ఇంకో ఇద్దరు కూర్చున్నారు. దోసెడు, ఇంకో దోసెడు. ఆ లెక్కన ఆ గొయ్యి ఎప్పటికి నిండాలి?

తను కొక్కెం మీద నుంచి తాళంచెవి ఎప్పుడు తీసిందో ఐయోనీకి గుర్తు లేదు. షెడ్డు తలుపు తీసి, తోపుడుబండిలో పారలన్నీ పడేసుకుని, ఆఫీసు బూట్లతో బురదలో తోసుకుంటూ వచ్చేసింది. బండి చక్రం కీచుమని అరుస్తోంది. ఆ అరుపుకు అందరూ తలలు తిప్పారు.

హోల్‌రాయిడ్ గొడుగు కిందికి దించాడు. "ఐయోనీ, ఏం చేస్తున్నావో తెలుసా నీకు?"

"తెలుసు సార్. కడిగి, తుడిచి, మళ్ళీ లోపల పెడతాను."

"నేను అడిగింది పారల గురించి కాదు."

"అదీ తెలుసు సార్."

ఆయన ఆమె మొహం చూశాడు. మట్టికుప్ప మీది ముసలామె మొహం చూశాడు. రెండూ ఒకటే మొహం. ఆఫీసులోకి తిరిగి పోలేదు. వానలో అలాగే నిలబడ్డాడు. క్లిఫ్ ఇంజన్ ఆపేశాడు. ఇంజన్ మోత పోయి పాట ఇప్పుడు పూర్తిగా వినిపించింది.

పారలు చేతులు మారాయి. క్లిఫ్ క్యాబిన్ దిగి వచ్చి, చూడలేక అరిచాడు. "అలా కాదయ్యా, మధ్యలో పోస్తారేంటి! మూలలు ముందు, మూలలు! రేపు కుంగిపోతుంది!" టైటస్ అతని చేతికో పార ఇచ్చాడు. "నాకు జీతమిచ్చేది దీనికి కాదు" అని గొణుక్కుంటూనే క్లిఫ్ మూలల్లోకి దిగాడు.

టాంటీ సిల్వీ లేవలేదు. మగవాళ్ళు ఆమె చుట్టూ తవ్వుకుంటూ పోయారు. కుప్ప తరుగుతున్న కొద్దీ ఆమె కిందికి దిగుతూ వచ్చింది. "టాంటీ, కాస్త జరుగు" అని ఒకడు, "కుడికాలు ఎత్తు టాంటీ" అని ఇంకొకడు. "ఉన్నంత మట్టీ నా కిందే ఉన్నట్టు మాట్లాడతారేంరా" అని తిడుతూ, తిట్టుకు తిట్టుకు మధ్య పాట అందుకుంటూ, చివరికి ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపితే లేచింది. ఆమె కూర్చున్న మట్టి ఆఖరున పడింది.

ఐయోనీ కూడా ఒక పార పట్టుకుంది. ఆడవాళ్ళు పాడాలి, పార పట్టకూడదు. ఎవరూ వద్దనలేదు. ఒంటికి వేడి పుట్టింది, ఆఫీసు చొక్కా వీపుకు అంటుకుపోయింది. మర్నాడు హోల్‌రాయిడ్ గదిలో ఆమెకు చీవాట్లు పడ్డాయి, హెచ్చరిక కూడా. ఉద్యోగం మాత్రం పోలేదు. వసంతం వచ్చేసరికి, అడిగినవాళ్ళకు పారలు ఇవ్వమని ఆయనే చెప్పాడు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ క్షణాన ఆమెకు మట్టి తప్ప ఇంకేమీ కనబడలేదు.

దిబ్బ లేచింది. పారల వీపులతో చరిచారు. పూలు గుచ్చారు. పాట చివరి చరణంలోకి వచ్చింది. ఐయోనీ నుదుటి మీది వాననీళ్ళు మోచేత్తో తుడుచుకుని, తల్లి కోసం తిరిగి చూసింది. ఏదో ఒక మాట కావాలనిపించింది. మెచ్చుకోలు కాకపోయినా సరే, తిట్టయినా సరే.

తల్లి అక్కడ లేదు. గడ్డిచాప నాలుగు మడతలు పెట్టి ఓ పక్కన ఉంది.

శ్మశానం దారిలో, గేటు దగ్గర, తెల్లగౌను వెనకంతా మట్టి మరకతో ఆమె నడిచిపోతోంది. గోడౌన్‌లో కూకూ సంకటి కెలకాలి, ఇంతమందికి వడ్డించాలి. కాన్యూట్ వైపు మళ్ళీ చూడలేదు. వెళ్తున్నానని పాస్టరుకు చెప్పలేదు, కూతురికి చెప్పలేదు.

"అమ్మా!" అని పిలిచింది ఐయోనీ.

ఆమెకు వినబడలేదో, వినబడినా ఆగలేదో. చేతిసంచి ఇంకో చేతికి మార్చుకుని, గేటు దాటి, కుడివైపు తిరిగింది.